రెండో పొయ్యి

మా వీధి చివర ఇప్పుడు బస్సు ఆగే చోట ఒకప్పుడు నీళ్ళు మోకాలి దాకా ఉండేవి. పోటు మీద ఉన్నప్పుడు నడుము దాకా వచ్చేవి. ఈ మాట చెబితే పక్క ఫ్లాటు అమ్మాయి నవ్వుతూ తల ఊపుతుంది. నమ్మి కాదు, ముసలిదాన్ని నొప్పించడం ఎందుకని. ఆమె తప్పేమీ లేదు. ఈ నగరంలో చాలామంది సముద్రం మీద పడుకుని నిద్రపోతున్నారు, ఆ సంగతి తెలియదు కాబట్టే నిద్ర పడుతోంది. నాకు మాత్రం నేల కొంచెం కదిలినా ముందు కాళ్ళ కిందకి చూసుకునే అలవాటు పోలేదు.

టోక్యోలో ఒలింపిక్ ఆటలు ఇంకా రెండేళ్ళు ఉన్నాయనగా వచ్చిన చలికాలం అది. అప్పటికి మాది నగరం కాదు. అఖాతంలో నది కలిసే చోట నీటికి అంటుకుని ఉన్న బెస్తల ఊరు. వంతెన దాటితే టోక్యో. మేము దాటేది అమ్ముకోవడానికే. వేసవిలో ఆల్చిప్పలు, చలికాలంలో నాచు. నోరి అంటాం దాన్ని మేము. సముద్రంలో గడలు పాతి వాటికి కట్టిన వలల మీద అది నల్లగా జుట్టులా పెరుగుతుంది. దాన్ని కోసి తెచ్చి, సన్నగా తరిగి, మంచినీళ్ళలో కలిపి, చిన్న చిన్న రెల్లు చాపల మీద చట్రం పెట్టి పల్చగా పోయాలి. ఆ చాపలను దడికి పుల్లలతో గుచ్చి ఎండలో పెడితే సాయంత్రానికి కాగితంలా లేస్తుంది. చెప్పడానికి ఇంతే. తెల్లవారకముందే చన్నీళ్ళలో పెట్టిన చేతులు సాయంత్రం దాకా మనవి కావు.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లోనే కబురు తెలిసింది. అఖాతాన్ని పూడ్చి నేల చేస్తారట. బెస్తల సంఘం నీళ్ళ మీద తన హక్కు వదులుకోవాలట. చలికాలం చివర అందరూ కూర్చుని చేతులెత్తాలట. ఎత్తక తప్పదని అప్పటికే ఊరంతటికీ తెలుసు. నీళ్ళు పాడై కొన్నేళ్ళయింది, ఆల్చిప్పలు తెరుచుకుని చచ్చిపడి ఉండేవి. కాబట్టి ఊళ్ళో తగవు ఎత్తాలా వద్దా అని కాదు. హక్కుకు బదులు పూడ్చిన నేల మీద ఇంటికి ఒక జాగా ఇస్తారట. ఏది ఇల్లు, ఏది కాదు అన్నదే తగవు.

సంఘం గోడకు అంటించిన ప్రకటన నేనే చదివాను. బడికి పోయింది రెండేళ్ళే అయినా, గాలి దూరకుండా కొట్టం గోడలకు అతికించిన పాత పత్రికలు చూసి చూసి అక్షరాలు పట్టుకున్నదాన్ని. పక్కన నా తోడికోడలు హత్సుయే ఆల్చిప్పల గంప దించి నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాశారక్కా?" అంది.

సొంత పడవ, సొంత దడి, సొంత పొయ్యి ఉండి, ఈ చలికాలం తన నాచు తానే ఆరబెట్టుకున్నవాడిని ఒక ఇల్లుగా లెక్కవేస్తారని, సంఘం పెద్దలు ఇల్లిల్లూ తిరిగి చూసి రాసుకుంటారని చెప్పాను.

"అయితే మేం ఇల్లు కామన్నమాట," అంది. నవ్వుతూనే అంది. గంప ఎత్తుకుంటూ మళ్ళీ అడిగింది, "లెక్కలోకి రాకపోతే ఏం చేస్తారో రాశారా?"

అది రాయలేదు. రాయనక్కర్లేదు. సముద్రం లేని బెస్తవాడికి జాగా కూడా లేకపోతే ఊళ్ళో నిలబడడానికి ఏముంటుంది?

మా ఆయన తొకుజి పెద్దవాడు, హత్సుయే భర్త ఎయిజో చిన్నవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద. సంఘంలో ఉన్నది మా ఆయన పేరొక్కటే. పెళ్ళయిన ఆరేళ్ళలో ఎయిజో వేరు పడతాననని ఏడాది లేదు, మా అత్తగారు వచ్చే ఏడు చూద్దాం అనని ఏడాదీ లేదు. ఆమె అనడంలో దురాశ లేదు. నాచు పని నలుగురి పని. ఇద్దరు కోసి తెస్తే ఇద్దరు పోయాలి. నేను చట్రంలో పోస్తే హత్సుయే చాప లాగి ఇంకో చాప పెట్టేది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పొద్దుటి నుంచి అలా చేసేవాళ్ళం. ఊళ్ళో మమ్మల్ని నాలుగు చేతుల మనిషి అనేవారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఎయిజో చారు గిన్నె కింద పెట్టి, "పొయ్యి వేరు పెట్టుకుంటాను అన్నయ్యా," అన్నాడు.

అత్తగారే అందుకుంది. "పెట్టుకుని ఏం తింటావురా? మీ ఆవిడ వండిన అన్నం విసిరితే గోడకి అంటుకుంటుంది. ఆరేళ్ళయినా దానికి నీళ్ళ కొలత రాలేదు."

"నేర్పింది మీరే కదత్తయ్యా," అంది హత్సుయే, తల దించుకునే.

నాకు నవ్వాగలేదు. అత్తగారు కూడా మూతి తిప్పుకుంది గానీ నవ్వింది. హత్సుయేకి పిల్లలు లేరు. ఆ మాట అత్తగారు ఏదో ఒక వంకన రోజూ ఎత్తి పొడిచేది. ఆ రోజు మాత్రం ఎత్తలేదు.

మా ఆయన మాట్లాడడానికి తొందరపడే మనిషి కాదు. ముల్లంగి ఊరగాయ ముక్క నమిలి మింగి, "పెట్టుకో," అన్నాడు. "పాత పడవ తీసుకో. కొట్టం వెనక దడి నీది."

ఆయన్ని చూసి నాకు గర్వం వేసింది. అప్పటికి ఆయన మనసులో వేరే ఏదీ లేదు. ఈ మాట ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మకపోతే తరవాత ఆయనతో అన్నేళ్ళు ఎలా బతికాను?

పెరటి చివర వాలుగా వారపాక దించి ఎయిజో పొయ్యి వేశాడు. మొదటిసారి రాజేసిన రోజు అత్తగారు అక్కడికి పోయి, పొగగొట్టం వంకరగా ఉందని, మట్టి ఆరకుండా రాజేశారని, ఇంకా ఏమేమో అంది. అని, వెనక్కి వచ్చి మా పొయ్యిలోంచి నిప్పులు రేకు చేటలో ఎత్తుకుని తీసుకెళ్ళి వాళ్ళ పొయ్యిలో పోసింది. హత్సుయే ఆ మంట ముందు చాలాసేపు కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటుంటే పొగేమో అనుకోవాలని పొగ వైపే కూర్చుంది.

ఆ చలికాలమంతా మేము రెండిళ్ళుగా పని చేశాం. వాళ్ళ నాచు వాళ్ళది, మా నాచు మాది. నాకు తోడుగా అత్తగారు కూర్చునేది. ఆమె చేతులు వణికేవి, చాప లాగడంలో ఆలస్యమయ్యేది, నేను పోసింది చట్రం దాటి పోయేది. కొట్టానికి అవతలి నుంచి హత్సుయే ఒక్కతే పోసుకుంటూ, ఒక్కతే లాగుకుంటూ ఉన్న చప్పుడు వినిపించేది. పోసిన చప్పుడుకీ లాగిన చప్పుడుకీ మధ్య ఖాళీ ఉండేది. ఆ ఖాళీ వినలేక నేను లేవబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

"ఆ దడి మీద చెయ్యి వెయ్యకు. చూసేవాళ్ళుంటారు."

చూసేవాళ్ళు నిజంగానే ఉన్నారు. రెండో పొయ్యి పెట్టింది మేమే కాదు. ప్రకటన వచ్చాక ఊళ్ళో పొయ్యిలు పుట్టగొడుగుల్లా లేచాయి. కొన్ని నిజం, కొన్ని అబద్ధం. ఇళ్ళు ఎక్కువైతే ఒక్కొక్కరికి వచ్చేది తగ్గుతుందని ముందు నుంచీ వేరుగా ఉన్నవాళ్ళ మంట. ఊరంతా కలిసి స్నానం చేసే స్నానాల ఇంట్లో వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా మాటలు తగ్గించేశారు. అంతకు ముందు ఒకరి వీపు ఒకరం రుద్దుకునేవాళ్ళం.

తరవాత మూల ఇంటి అన్నదమ్ముల సంగతి జరిగింది. సంఘం పెద్దలు పోయి చూస్తే వాళ్ళ రెండో పొయ్యి బూడిదలో పిల్లి పడుకుని ఉందట. పిల్లలు కూడా పెట్టిందట. ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగు రోజులు పోయాక ఆ నవ్వు ఆగిపోయింది. మోసం చేయబోయారని మూల ఇంటివాళ్ళ మొదటి ఇల్లు కూడా లెక్కలోంచి తీసేశారు. అన్నదమ్ములిద్దరికీ ఏమీ లేకుండా పోయింది. ఆ కబురు విన్న రోజు మా ఆయన అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

చలికాలం వెళ్ళిపోతూ మొదటి దక్షిణపు గాలి వీచిన రోజు పెద్దలు మా వీధికి వచ్చారు. ఉదయం ఎండ బాగుంది. రెండు దడుల మీదా చాపలు నిండుగా ఉన్నాయి, ఆ ఏడాదికి ఆఖరి మంచి కోత. మధ్యాహ్నం దాటాక గాలి వెచ్చబడింది. ఆ గాలి వెచ్చబడితే వాన వెనకే ఉంటుందని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎయిజో పడవలు కట్టడానికి నది దగ్గరికి పరుగెత్తాడు. తన పడవా, అన్న పడవా.

నాచుకు వాన తగిలితే అంతే. చాప మీద కరిగి బురదవుతుంది. వాన వస్తోందంటే మా ఊళ్ళో చంటిపిల్లను కూడా కింద పెట్టి దడి దగ్గరికి పోతారు. అది ఎవరి దడి అని చూడరు, ఏది ముందు తడుస్తుందో చూస్తారు. పుట్టినప్పటి నుంచీ అలాగే చేశాం. మా దడి దక్షిణానికి బట్టబయలుగా ఉంది. హత్సుయే దడికి కొట్టం అడ్డు. నేను ఒక కొస నుంచి చాపలు పీకుతుంటే రెండో కొస నుంచి ఇంకో రెండు చేతులు పీకడం కనిపించింది. ఎవరివని తల ఎత్తి చూడలేదు. చూడక్కర్లేదు. చాపలు నా చేతికి వస్తున్నాయి, నేను మా ఆయనకు అందిస్తున్నాను, ఆయన కొట్టంలోకి విసురుతున్నాడు. మాది అయిపోగానే ముగ్గురం కొట్టం వెనక్కి పోయాం. వాళ్ళ వారపాక అంత దూరం ఎందుకని అవి కూడా మా కొట్టంలోనే పడేశాం. ఆఖరి చాపల మీద చినుకులు పడనే పడ్డాయి. అత్తగారు లోపల కూర్చుని అన్నింటినీ కలిపి దొంతర పెడుతోంది. నాకెంత హాయిగా ఉందో. ఆ చలికాలం మొత్తంలో మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టుగా ఉంది. హత్సుయే జుట్టు మొహానికి అంటుకుపోయి నవ్వుతోంది.

అప్పుడు వాన తప్పించుకోవడానికి సంఘం పెద్దలు ముగ్గురు కొట్టంలోకి వచ్చారు. ముందు వంతెన ఇంటి కన్జి గారు. కాలం చేసిన మా మామగారి ఈడువాడు, మంచివాడే. తువ్వాలుతో తల తుడుచుకుని దొంతర వైపు చూశాడు. తరవాత హత్సుయే వైపు చూశాడు.

"ఇవెవరివమ్మా?" అని అడిగాడు.

మా ఇళ్ళలో చిన్న కోడలు పెద్ద బావగారి ఎదుట, పైవాళ్ళు అడుగుతుంటే, ఇవి నావి అనదు. ఎవరూ నేర్పకపోయినా నోరు అలా రాదు. పైగా అవి ఉన్నది మా కొట్టంలో.

"బావగారివండి," అంది.

"మరి మీవి?"

హత్సుయే దొంతరను చూసింది. ఏ చాప ఎవరిదో ఇప్పుడు దేవుడు కూడా చెప్పలేడు. ఆమె నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"అందులోనే ఉన్నాయండి. అన్నీ కలిసిపోయాయి."

పెద్దల్లో ఒకాయన దగ్గాడు. కన్జి గారు మా ఆయన వైపు తిరిగాడు. ఆయన అడిగిన తీరులో సాయం ఉంది. అది నాకు అప్పుడే తెలిసింది, మా ఆయనకీ తెలిసే ఉంటుంది.

"నువ్వు చెప్పు తొకుజీ. ఎలా రాసుకోమంటావు?"

వాన పైకప్పు మీద గట్టిగా పడుతోంది. మా ఆయన చేతులకు అంటుకున్న నాచు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"మీకు కనిపించినట్టే రాసుకోండి," అన్నాడు.

నేను టీ పెట్టాను. వాన తగ్గేదాకా కూర్చుని తాగి వెళ్ళారు. గాలి గురించి మాట్లాడుకున్నారు.

ఎయిజో తడిసి వచ్చేసరికి హత్సుయే వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. అతను మా గడప దాటి లోపలికి రాలేదు. అదే తడి బట్టలతో వంతెన ఇంటికి పోయాడు. తిరిగి వచ్చి వాకిట్లో నిలబడి అన్నతో మెల్లగానే మాట్లాడాడు. కన్జి గారు దారి చూపించాడట. సభ జరిగేలోపు అన్న వచ్చి, మావి రెండిళ్ళే అని ఒక్క మాట చెబితే రాసింది మారుస్తానన్నాడట.

"రేపు వెళ్తాను," అన్నాడు మా ఆయన.

ఆ రోజు పక్క మీద అడిగాను, ఎందుకలా అన్నారని.

"ఏమన్నాను? కనిపించింది రాసుకోమన్నాను."

"కనిపించింది నిజం కాదని మీకు తెలుసు కదా."

"మూల ఇంటివాళ్ళకి ఏమైందో నీకు తెలుసు కదా," అన్నాడు. "ఒకే కొట్టంలో ఒకే దొంతర పెట్టుకుని రెండిళ్ళని అంటే నవ్వరా? నవ్వి ఊరుకోరు. మనదీ తీసేస్తారు. అప్పుడు ఇద్దరం వీధిలో ఉంటాం. నీ పిల్లలతో సహా."

పిల్లలిద్దరూ పక్కనే పడుకుని ఉన్నారు. వాళ్ళ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. దుప్పటి వాళ్ళ మీదకి లాగి దీపం ఆర్పాను.

మర్నాడు ఆయన పడవ సందుల్లో నార కూరడం మొదలుపెట్టాడు. ఆ మర్నాడు కూడా అదే. ఇంక ఏ నీళ్ళ మీదా తేలనక్కర్లేని పడవ. ఇంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేయగా చూడలేదు. ఎయిజో పెరటి గోడ దగ్గర నిలబడి చూసేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. తమ్ముడు అన్నను రెండుసార్లు అడగడు. అత్తగారు మాత్రం ఒక ఉదయం టీ గిన్నె ఆయన ముందు పెడుతూ, "వంతెన ఇంటికి వెళ్ళొచ్చావా?" అంది.

"వెళ్తానమ్మా."

ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె హత్సుయేను పిల్లల మాట కూడా ఎత్తి పొడవలేదు. నన్ను భయపెట్టింది అదే. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ ఆగలేదు.

సభ బడి హాల్లో జరిగింది. సంఘంలో పేరున్నవాళ్ళనే రానిచ్చారు. ఎయిజో బయట, బడి పిల్లలు చెప్పులు విడిచే చోట నిలబడ్డాడట. లోపల చేతులెత్తిన చప్పుడు ఎలా ఉంటుందో అతను విన్నాడో లేదో. తరాల నుంచి మావైన నీళ్ళు మధ్యాహ్నం అన్నం వేళకి మావి కాకుండా పోయాయి. కొందరు ముసలివాళ్ళు ఏడ్చారని చెప్పుకున్నారు. మా ఆయన ఇంటికి వచ్చేసరికి బియ్యపు సారా, సాకే వాసన కొడుతోంది. "ఎత్తావా?" అంది అత్తగారు. ఎత్తానన్నాడు. "ఇంకేమైనా చెప్పావా?" అంది. ఆయన చెప్పులు సర్దుకుంటూ ఉండిపోయాడు.

చెరీ పూలు రాకముందే ఎయిజో టోక్యోకి అవతల కవాగుచిలో ఇనుము పోతపోసే కొలిమిలో పని చూసుకున్నాడు. నీళ్ళలో పుట్టినవాడు నిప్పు దగ్గరికి పోతున్నానని తనే ఎగతాళి చేసుకున్నాడు. ఎవరిదో చిన్న లారీ అడిగి తెచ్చాడు. సామాను ఎంతో లేదు. పరుపులు, కుండలు, ఒక సొరుగుల పెట్టె. నేను కట్టలు కట్టడానికి వెళ్తే హత్సుయే వద్దనలేదు. పక్క పక్కనే కూర్చుని తాళ్ళు బిగించాం. చేతులు మళ్ళీ వాటంతట అవే కలిసి పని చేశాయి. అది ఇద్దరికీ తెలిసి ఇద్దరం ఆపేశాం.

"నేనేం అనలేదు హత్సుయే, ఆ రోజు," అన్నాను. "నోరు తెరవాల్సింది."

"ఆడవాళ్ళ మాట ఎవరు రాసుకుంటారక్కా." తాడు ముడి పళ్ళతో బిగించింది. "నేనొకటి అడుగుతాను. ఆ వానలో మీ దడి దగ్గరికి రాకుండా ముందు నా దడి దగ్గరికే పోయి ఉంటే, నా చాపలు నా వారపాకలో పెట్టుకుని ఉంటే, నువ్వు నన్ను ఏమనుకునేదానివి?"

ఏం చెప్పను? వేరు పడగానే ఎంత మారిపోయిందో చూడు అనుకునేదాన్ని. అత్తగారితో చెప్పేదాన్ని కూడా. స్నానాల ఇంట్లో ఇంకో నలుగురితో చెప్పేదాన్ని.

"అదీ సంగతి," అంది హత్సుయే. నా మొహంలోనే చదువుకుంది. చదువు రాదన్నాను కదా, అది అక్షరాల చదువు.

లారీ మీద సామాను ఎక్కించాక అత్తగారు లోపలి నుంచి వచ్చింది. పెళ్ళిళ్ళకు కట్టే నల్ల కిమోనో కట్టుకుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. రెండు చేతులతో ఏదో బట్టలో చుట్టి గుండెకి ఆనించి పట్టుకుంది. చిన్న కొడుకును సాగనంపడానికి ముస్తాబైందనుకున్నాను. నేరుగా లారీ దగ్గరికి పోయి డ్రైవరుతో, "నీ పక్కన జాగా ఉందా నాయనా?" అంది.

మా ఆయన మెట్టు దిగాడు. "అమ్మా, ఏంటది?"

"మీ నాన్న," అంది.

మా ఇళ్ళలో చనిపోయినవారి పేరు చెక్కిన చెక్కపలక ఉంటుంది. అది పెద్దకొడుకు ఇంట్లో, పెద్దల అలమరలో ఉంటుంది. అది ఉన్నదే పెద్ద ఇల్లు. ఊళ్ళో ఏ విధవా దాన్ని తీసి చంకన పెట్టుకుని బయటికి రావడం నేను చూడలేదు, విననూ లేదు. వీధిలో వాళ్ళు తలుపుల దగ్గరికి వచ్చారు. మా ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మా, ఆయన ఉండాల్సింది ఇక్కడ."

"ఆయనకి ఇద్దరు కొడుకులు," అంది అత్తగారు. గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ళు ఒకడి దగ్గర ఉన్నాడు."

ఎయిజో దిగి వచ్చి వద్దమ్మా అన్నాడు. హత్సుయే వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, అక్కడ ఒక్కటే గది. మీకు పడదు. నా అన్నం కూడా పడదు."

"గోడకి అంటిస్తాను," అంది అత్తగారు, ఎక్కి కూర్చుంటూ.

ఎవరూ నవ్వలేదు. ఆమె కిటికీలోంచి నన్ను పిలిచింది. దగ్గరికి పోయాను. ఇంకేదో చెబుతుందనుకున్నాను.

"పెద్దమ్మాయ్, బియ్యం ముందు రోజే కడిగి పెట్టుకో. పొద్దున్న తొందరలో నువ్వు ఎప్పుడూ రాళ్ళు వదిలేస్తావు," అంది.

లారీ వంతెన ఎక్కి దిగిపోయింది. ఆ వంతెన మధ్యలో కొంచెం ఎత్తు. అవతల దిగేటప్పుడు చూసేవాళ్ళకు ముందు చక్రాలు, తరవాత సామాను, ఆఖరికి పరుపుల కట్ట పైన కట్టిన తాడు కనిపించకుండా పోతాయి. నేను చాలా సాగనంపులు చూశాను, రైళ్ళ దగ్గర, ఆసుపత్రుల దగ్గర. మనిషి కొంచెం కొంచెంగా మాయమయ్యే ఆ వంతెన అంత చెడ్డది ఇంకోటి లేదు. అత్తగారు కవాగుచిలోనే పోయింది. మాకు కబురు దహనం అయ్యాక వచ్చింది. ఎందుకు ఆలస్యమైందని మేము అడగలేదు. హత్సుయేను మళ్ళీ చూడలేదు. వేసవిలో గొట్టాలు తెచ్చి ఇసుక నీళ్ళను అఖాతంలోకి వదలడం మొదలుపెట్టారు. తరవాత మాకు జాగా వచ్చింది, దాని మీద ఇల్లు వచ్చింది, దాని పక్కన ఇళ్ళు వచ్చాయి. అవన్నీ తరవాతి సంగతులు.

లారీ వెళ్ళిన మర్నాడు పొద్దున్న ఎప్పటిలా లేచి అన్నం వండాను. మూత తీసి, ఎప్పటిలా మొదటి గరిటె అన్నం మామగారికని చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టుకుని, ఎప్పటిలా పెద్దల అలమర తలుపులు తెరిచాను. అగరుబత్తి బూడిద ఉంది, దీపం ఉంది. వెనక పలక ఉండే చోట దుమ్ము పట్టని నలుచదరం ఒకటి ఉంది. అన్నం మీద ఆవిరి లేస్తోంది. దాన్ని అక్కడ పెట్టాలో, వెనక్కి తీసుకుపోవాలో తెలియక గిన్నె పట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన నా వెనక తన పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. 

"అది నాకు పెట్టెయ్," అన్నాడు.

పెట్టాను. తిన్నాడు.